అమావాస్య పోటు, మడిలో ఉప్పు: కృష్ణా డెల్టా శివారులో ఒక వరి పొలం కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు కృష్ణా డెల్టా చివరి ఆయకట్టులో, మురుగు కాలవ దారిన కొలిస్తే సముద్రానికి సుమారు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న నాలుగు ఎకరాల వరి పొలానికి సంబంధించినది. రైతుకు యాభై ఏళ్లు దాటాయి. రెండున్నర ఎకరాలు సొంతం, ఎకరంన్నర కౌలు. భార్యాభర్తలిద్దరూ పొలంలో పనిచేస్తారు. ఊరి పేరూ డ్రెయిన్ (మురుగు కాలవ) పేరూ ఇక్కడ రాయడం లేదు. నేల, నీటి యాజమాన్యంలో సలహాలివ్వడం నా వృత్తి. 2023 సెప్టెంబరు నుంచి ఈ పొలాన్ని చూస్తున్నాను. ఇందులో మొదటి ఏడాదిన్నర నేను తప్పుదారిలో నడిచాను కాబట్టే ఈ కేసు రాయదగినదని అనుకుంటున్నాను.

డెల్టా శివారు నేలల గురించి రెండు మాటలు ముందే చెప్పుకోవాలి. ఇక్కడ పొలం సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తులో ఉంటే అది మెరక కిందే లెక్క. కృష్ణానది ఏటా తెచ్చి పరిచే ఒండ్రుతో ఈ నేల పెరిగేది. ఎగువన తుంగభద్ర, నాగార్జునసాగర్, శ్రీశైలం, ఆల్మట్టి ఒకదాని తరవాత ఒకటిగా వచ్చాక ఒండ్రు చాలావరకు జలాశయాల్లోనే నిలిచిపోతోంది. మరోపక్క ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993 నుంచి 2017 వరకు ఏటా సగటున 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. పాతికేళ్లకు ఎనిమిది సెంటీమీటర్లు. గోడ మీద గీత గీస్తే ఎనిమిది సెంటీమీటర్లంటే బెత్తెడే. కానీ కిలోమీటరుకు కొద్ది సెంటీమీటర్ల వాలు మాత్రమే ఉన్న మురుగు కాలవలో ఆ బెత్తెడు ఎత్తే పోటు నీటిని కిలోమీటర్ల కొద్దీ లోపలికి నెట్టగలదు.

వచ్చిన సమస్య

2023 ఆగస్టు దేశవ్యాప్తంగా 1901 తరవాత అత్యంత పొడి ఆగస్టు. కాలవ నీళ్లు శివారుకు ఆలస్యంగా, అదీ వంతుల వారీగా వచ్చాయి. సెప్టెంబరులో రైతు ఒక గుప్పెడు వరి మొక్కలను వేళ్లతో సహా పీకి గోనెసంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆకుల చివర్లు తెల్లగా ఎండి ఉన్నాయి, పిలకలు సగానికి సగం లేవు, వేళ్లు గోధుమ రంగుకు తిరిగాయి. ఆయన దాన్ని జింకు లోపం అనుకున్నాడు. ఎరువుల దుకాణంలోనూ అదే చెప్పారట, రెండుసార్లు జింకు సల్ఫేటు చల్లాడు. అంతకు ముందు రెండేళ్లలో ఎవరో ‘చౌడు పట్టింది’ అంటే రెండు దఫాలు జిప్సం కూడా వేశాడు. ఎకరాకు ఇరవై ఎనిమిది, ముప్పై బస్తాలు పండిన పొలంలో దిగుబడి మూడేళ్లుగా తగ్గుతూ వచ్చి, ఆ సార్వాలో (ఖరీఫ్ పంటలో) పల్లపు కయ్యల్లో, అంటే పల్లపు మడుల్లో, తొమ్మిది బస్తాలకు దిగింది. ఇక్కడ బస్తా అంటే 75 కిలోలు.

పొలానికి వెళ్లి చూస్తే దెబ్బ పొలమంతా ఒకేలా లేదు. కాలవ వైపు మెరక కయ్యలు ఓ మోస్తరుగా ఉన్నాయి. డ్రెయిన్ వైపు పల్లపు కయ్యల్లో బోడి మచ్చలు ఏర్పడ్డాయి. ఎండిన గట్ల మీద వేలితో గీరితే తెల్లటి పొర పొడిగా రాలింది. జింకు లోపమైతే పాత ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు రావాలి, అవి లేవు. మట్టి పరీక్షలో ఉదజని సూచిక (pH) 7.9 వచ్చింది. మట్టి రేణువులను పట్టుకుని ఉన్న సోడియం వాటా పదిహేను శాతానికి లోపే ఉంది. లవణ సాంద్రతను తెలిపే ఈసీ (విద్యుత్ వాహకత) మాత్రం పల్లపు కయ్యల్లో మీటరుకు 7 డెసీసైమెన్స్ వచ్చింది. వరి దిగుబడి ఈసీ 3 దాటిన దగ్గర నుంచి పడిపోవడం మొదలవుతుంది, ఆపైన ప్రతి ఒక్క యూనిట్‌కూ సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుంది.

అంటే ఇది ఉప్పు చౌడు. జిప్సంతో బాగుపడేది కారు చౌడు. దాని మందు వేరు, దీని మందు వేరు. కారు చౌడులో మట్టి రేణువులకు అంటుకున్న సోడియాన్ని జిప్సంలోని కాల్షియం తోసివేస్తుంది, ఆ తోసివేసిన దాన్ని నీళ్లతో కడిగేయాలి. ఉప్పు చౌడులో తోసివేయవలసిన సోడియమే పెద్దగా లేనప్పుడు జిప్సం చేసేదేమీ ఉండదు, పైపెచ్చు అదీ ఒక లవణమే. రాయితీ మీద దొరికింది కాబట్టి వేశానని ఆయన చెప్పిన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. చౌడు అనే ఒకే మాట కింద రెండు వేర్వేరు జబ్బులను కట్టిపెట్టింది మనమే.

మొదటి ఏడాది వేసిన అంచనాలు

ఉప్పు ఉందని తేలింది. ఎక్కడి నుంచి వస్తోందన్నది తేలాలి. అనుమానించదగినవి నాలుగు కనిపించాయి. పక్కన రెండు గట్ల అవతల ఉన్న వనామీ రొయ్యల చెరువు. కాలవ నీళ్లు రాని రోజుల్లో రైతు వాడిన బోరు. ఎండాకాలంలో బీడు పడిన నేలలోంచి తేమతో పాటు పైకి పాకే భూగర్భ లవణం. నాలుగోది డ్రెయిన్.

రైతు అనుమానం మొదటి దాని మీద. చెరువు లీజుకు తీసుకున్నవాళ్లతో ఆయనకు అప్పటికే మాటామాటా పెరిగి, పెద్దల దగ్గర పంచాయితీ దాకా వెళ్లింది. చెరువు గట్టు నుంచి ప్రతి పది మీటర్లకూ ఒక నమూనా తీసి చూశాను. చెరువు ఊట కారణమైతే గట్టుకు దూరమయ్యే కొద్దీ ఉప్పు తగ్గాలి. మొదటి పది, పదిహేను మీటర్లలో కొంత ప్రభావం ఉన్న మాట నిజమే గానీ, ఆ తరవాత చెరువు నుంచి దూరంగా, డ్రెయిన్ వైపు పోయే కొద్దీ ఉప్పు తిరిగి పెరిగింది. ఆ కాగితం రెండు పక్షాలకూ చూపించాక పంచాయితీ చల్లారింది.

ఆ కాగితమే నాకు డ్రెయిన్ వైపు వేలు చూపిస్తున్నా నేను బోరు దగ్గర ఆగిపోయాను. దానికి కారణం లేకపోలేదు. బోరు నీటి ఈసీ 4.5 ఉంది. తీరప్రాంతంలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. పైన నీటి మట్టం సముద్ర మట్టం కంటే ఒక అడుగు ఎత్తుంటే కింద నలభై అడుగుల లోతు వరకు మంచినీరు నిలుస్తుంది. అందుకే తోడి ఆ పై మట్టాన్ని ఒక్క అడుగు తగ్గిస్తే కింద నలభై అడుగుల ఆసరా పోతుంది, బోరు అడుగున ఉప్పునీరు శంకువులా పైకి లేస్తుంది. పొడి ఆగస్టు, ఆలస్యమైన కాలవ, ఆగకుండా నడిచిన బోరు, ఎండిన వరి. కథ చక్కగా అతికింది. అంత చక్కగా అతకడమే నన్ను మోసం చేసింది.

అదే రోజు గట్టు మీద నిలబడి ఉన్న రైతు భార్య ఒక మాట చెప్పింది: “అమాసకీ పున్నానికీ డ్రెయిన్లో నీళ్లు ఎదురొస్తాయండీ. అప్పుడు బోదెలో నీళ్లు నోట్లో పోసుకుంటే తెలిసిపోతుంది.” బోదె అంటే పొలం నుంచి డ్రెయిన్‌లోకి పోయే చిన్న కాలవ. నేను ఆ మాటను పుస్తకంలో రాసుకున్నాను కూడా. రాసుకుని, అంతగా లెక్కలోకి రాని కారణం కింద పక్కన పెట్టాను. డ్రెయిన్ మొగలో, అంటే అది సముద్రంలో కలిసే చోట, తలుపులున్న తూము ఉందని నాకు తెలుసు, తలుపులుంటే నీళ్లు ఎదురెలా వస్తాయన్నది అప్పటి నా లెక్క. తలుపులు ఏ స్థితిలో ఉన్నాయో వెళ్లి చూడలేదు.

సలహా ఇలా ఇచ్చాను: బోరు ఆపాలి, తొలకరికి పచ్చిరొట్ట పైరైన జీలుగ చల్లి పూతకు ముందే కలియదున్నాలి, అప్పటిదాకా వేస్తున్న బీపీటీ 5204 బదులు మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం రూపొందించిన, ఉప్పును తట్టుకునే ఎంసీఎం రకాల్లో ఒకటి వేయాలి. ఒక్కొక్కటిగా చూస్తే ఇందులో తప్పు సలహా లేదు. ఉప్పు వచ్చే దారి మూయకుండా ఉప్పును ఓర్చుకునే పంటను ముందుకు నెట్టడమే తప్పు.

అది 2024 ఆగస్టులో బయటపడింది. అలవాటు ప్రకారం నారుమడిని పల్లపు కయ్యలోనే, తడి ఎక్కువ నిలిచే చోటే పోశారు. నేనూ అడ్డు చెప్పలేదు. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును ఓర్చుకుంటుంది, పిలకలు వేసేటప్పుడూ ఓర్చుకుంటుంది. రెండు, మూడు ఆకుల లేత దశలోనూ, మళ్లీ పొట్ట, పూత దశల్లోనూ ఓర్చుకోలేదు. ఉప్పును తట్టుకునే రకానికీ ఈ బలహీనత కొంత తప్పదు. ఆగస్టు 4 అమావాస్య దాటిన వారానికి నారు మచ్చలు మచ్చలుగా మాడిపోయింది. ఎకరంన్నరకు సరిపడా నారు పోయింది. బయట నారు కొని నాట్లు వేసేసరికి ఆగస్టు చివరికి వచ్చింది.

వరద తెచ్చిన అయోమయం

సెప్టెంబరు 2, పోలాల అమావాస్య. ఆ రోజు ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి వెళ్లింది, బ్యారేజి చరిత్రలోనే అది అతిపెద్ద ప్రవాహం. అమావాస్య పోటు కావడంతో సముద్రం డ్రెయిన్ల నీటిని తీసుకోలేదు. పొలంలో వారం రోజులు నీళ్లు నిలిచాయి. కొత్తగా వేసిన నాట్లలో సగం కుళ్లిపోయాయి. ముందటేడు నీళ్లు లేక ఉప్పు పెరిగిన పొలమే ఈ ఏడు మంచినీళ్లలో మునిగింది. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి వానలు లేని రోజులు పెరగడం, కురిసినప్పుడు కుండపోతగా కురవడం రెండూ ఒకే మార్పుకు రెండు కొసలన్నది పుస్తకాల్లో చదివిందే. ఒకే గట్టు మీద నిలబడి పన్నెండు నెలల తేడాతో రెండు కొసలూ చూడటం వేరు.

అక్టోబరులో మట్టి తీస్తే పల్లపు కయ్యల ఈసీ 7 నుంచి 3.5కు పడిపోయింది. జీలుగ పనిచేసిందని రైతు సంతోషించాడు. నాకూ అలాగే నమ్మాలనిపించింది, నివేదికలో ఒక వాక్యం రాసేశాను కూడా. కానీ గట్టు అవతల, జీలుగ వేయని, ఏ చికిత్సా చేయని పొరుగు కయ్యలోనూ ఒక నమూనా తీసి ఉన్నాను. దాని ఈసీ కూడా దాదాపు అంతే పడింది. కడిగింది వరద నీరే. ఆ వాక్యం కొట్టేశాను. పోలికకు ఏమీ చేయని కయ్య ఒకటి లేకపోయి ఉంటే ఈ కేసు ‘పచ్చిరొట్టతో ఉప్పు నేల బాగు’ అన్న విజయగాథగా ఏదో ఒక సంచికలో అచ్చయి ఉండేది.

2025 మార్చి నాటికి పల్లపు కయ్యల్లో ఈసీ మళ్లీ 6 దాటింది. ఆ ఎండాకాలంలో బోరు ఒక్కరోజు కూడా నడవలేదు. బోరు కాదని అప్పుడు తేలిపోయింది.

డ్రెయిన్ దగ్గర రెండు రోజులు

పుస్తకంలో రాసుకున్న ఆమె మాట దగ్గరికి పద్దెనిమిది నెలల తరవాత తిరిగి వచ్చాను. మార్చి 14న పౌర్ణమి. ఆ రోజూ మరుసటి రోజూ పొలం బోదె డ్రెయిన్‌లో కలిసే చోట కూర్చుని గంటకోసారి ఈసీ కొలిచాం. ఆటు సమయంలో 6, పోటు నిండాక 31. సముద్రపు నీటి ఈసీ సుమారు 50 ఉంటుంది. అంటే తొమ్మిది కిలోమీటర్ల లోపల, వరి పొలం పక్కన, సగానికి పైగా సముద్రమే నిలబడి ఉంది. నీరు కదిలే దిక్కు తెలియడానికి ఆమె ఒక ఎండు తాటాకు ముక్కను నీళ్లలో వేసింది. అది సముద్రం వైపు కాకుండా ఊరి వైపు నింపాదిగా నడుచుకుంటూ వెళ్లింది. డ్రెయిన్ ఒడ్డున బురదలో పీతల బొరియలు, ఉప్పు నేలలో తప్ప పెరగని కండగల ఆకుల మొక్కలు, ఇంకొంచెం దిగువన మోకాలెత్తు మడ మొక్కలు నాలుగైదు కనిపించాయి. ఒకప్పుడు ఇక్కడే కొర్రమీనులు పట్టేవాళ్లమని రైతు అన్నాడు. డ్రెయిన్ తన మనసు మార్చుకుని చాలా కాలమైంది. దాని పక్కన పొలం చేసేవాళ్లకు అది తెలుసు, నాకే తెలియలేదు.

తరవాత మొగ దగ్గరికి వెళ్లాం. తూముకు ఉండవలసిన తలుపుల్లో ఒకటి తుప్పు పట్టి సగంలో బిగిసిపోయింది, ఇంకొకటి లేనే లేదు.

కారణాల వాటాలు పంచమని ఎవరైనా అడుగుతారు. తలుపు బాగుండి ఉంటే ఈ రైతుకు ఈ కష్టం ఇంత త్వరగా వచ్చేది కాదు. పూడిక తీసి ఉంటే, ఎగువ నుంచి కాస్త మంచినీరు డ్రెయిన్‌లో పారుతూ ఉంటే పోటు ఇంత దూరం ఎక్కేది కాదు. ఇవన్నీ మనుషుల నిర్లక్ష్యం లెక్కలోకి వస్తాయి. అయితే అదే తలుపు లేని తూము ముందు సముద్రం పాతికేళ్ల కిందటి కంటే బెత్తెడు ఎత్తున నిలబడి ఉందన్నదీ నిజమే. భూతాపం ఈ పొలానికి తన పేరు చెప్పుకుని రాలేదు. విరిగిన తలుపు పేరుతో, ఆలస్యమైన కాలవ పేరుతో, పొరుగువాడి చెరువు పేరుతో వచ్చింది. ఇలాంటి పాత లోపాలున్న చోటల్లా అది వాటి మీద వడ్డీ వసూలు చేస్తుంది. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో 2016 కరువులో ఉప్పునీరు నది వెంట పదుల కిలోమీటర్లు లోపలికి చొచ్చుకువచ్చి వరిని చంపింది. అక్కడా ఎగువ ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, కుంగే నేల కలిసే ఉన్నాయి. మన అనంతపురంలో ఇదే వేడి వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన ఎగ్గొట్టే రూపంలో కనిపిస్తుంది. అక్కడి చికిత్స ఇక్కడ పనికిరాదు, ఇక్కడిది అక్కడ అక్కరకు రాదు.

పనిచేసినవి

తలుపుల కోసం సంబంధిత కార్యాలయానికి ముప్పై మంది రైతులు అర్జీ పెట్టారు. నిధులు రావాలన్నారు. నిధుల కోసం ఎదురుచూస్తే సార్వా దాటిపోతుంది. డ్రెయిన్‌కు అడ్డంగా మట్టికట్ట వేసేద్దామని కొందరు యువకులు లేచారు. ఒప్పుకోలేదు. ఆ డ్రెయిన్ మీద ఎగువన ఉన్న ఊళ్ల మురుగంతా ఆధారపడి ఉంది, మొదటి పెద్దవానకే అక్కడి పొలాలు మునుగుతాయి, 2024 సెప్టెంబరును ఎవరూ మరచిపోలేదు. పెద్ద తలుపు మన చేతిలో లేనప్పుడు చిన్న తలుపులు పెట్టుకోవచ్చు కదా అన్నది అక్కడ కుదిరిన ఆలోచన. ప్రతి పొలం బోదె డ్రెయిన్‌లో కలిసే చోట గట్టు ఎత్తి, అందులో ఒక సిమెంటు పైపు తూము వేసి, బయటి మూతికి పైన మాత్రమే బిగించిన రబ్బరు పలక వేలాడదీశాం. పొలంలో నీరు ఎత్తుగా ఉంటే పలక బయటికి తెరుచుకుని మురుగు పోతుంది. పోటు వస్తే ఆ నీటి బరువే పలకను మూతికి అదిమేస్తుంది. మనిషి వెళ్లి ఎత్తనూ దించనూ అక్కరలేదు. పాత రైస్ మిల్లు బెల్టు ముక్కలు పలకలుగా పనికొచ్చాయి.

మొదటి నెలలోనే అది విఫలమైంది. గుర్రపుడెక్క కొట్టుకొచ్చి పలకకూ పైపుకూ మధ్య ఇరుక్కుంది, రాత్రి పోటుకు తూము తెరిచే ఉండిపోయింది. పొలం వైపు ఒకటి, డ్రెయిన్ వైపు ఒకటి వెదురు తడికలు పాతాక ఆ ఇబ్బంది తగ్గింది. తడిక శుభ్రం చేసే వంతులు మాత్రం రాసుకోవలసి వచ్చింది.

దారి మూసిన తరవాతే కడగడం మొదలుపెట్టాం. 2025లో ఎగువన వానలు ముందే పడి కాలవ నీళ్లు సకాలంలో వచ్చాయి. దమ్ముకు ముందు పల్లపు కయ్యల్లో నీళ్లు నింపి, రెండు మూడు రోజులు నిలిపి, ఆటు సమయంలో తూము గుండా వదిలేయడం, ఇలా మూడు దఫాలు చేశాం. పోటు తక్కువగా ఉండే అష్టమి రోజుల్లో వదలమని మొదట చెప్పాను. రబ్బరు పలక పనిచేస్తోందని నమ్మకం కుదిరాక లెక్క తిరగబడింది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎంత ఎత్తుకు లేస్తుందో ఆటు అంత లోతుకు దిగుతుంది కాబట్టి, తలుపున్న పొలానికి మురుగు తీయడానికి అవే మంచి రోజులు. నాలుగేళ్లుగా భయపడిన తిథులనే పనికి వాడుకోవడం రైతులకు వింతగా తోచింది.

నారుమడిని కాలవ పక్క మెరక కయ్యకు మార్చాం. పాతిక రోజుల నారు బదులు ముప్పై అయిదు రోజుల ముదురు నారును, కుదురుకు రెండు మొక్కల బదులు మూడు నాలుగు నాటించాం. ముదురు నారు వేస్తే పిలకలు తగ్గుతాయని కూలీల మేస్త్రి గొణిగింది. ఆమె అన్నది సరైనదే. పిలకలు కొన్ని పోయినా మొక్క బతకాలన్నది ఇక్కడ ఎంచుకున్న నష్టం, అందుకే కుదురుకు మొక్కలు పెంచాం.

కౌలు ఎకరంన్నర విషయంలో ఒక చిక్కు మిగిలింది. గట్టూ తూమూ వేయడానికి ఖర్చు కౌలుదారుది, బాగుపడే నేల యజమానిది. రెండేళ్ల తరవాత యజమాని దాన్ని రొయ్యల చెరువుకు ఇచ్చేస్తే ఈ ఖర్చు నీళ్లపాలే. మూడేళ్ల కౌలుకు నోటిమాటగా ఒప్పించగలిగాం, కాగితం మీదికి రాలేదు.

ఫలితం, దాని పరిమితి

2025 సెప్టెంబరులో పల్లపు కయ్యల ఈసీ 3.2. అక్టోబరు చివర మొంథా తుపాను గాలికి పాలుపోసుకునే దశలో ఉన్న చేను కొంత పడిపోయింది. అయినా మెరక కయ్యల్లో ఎకరాకు ఇరవై నాలుగు, పల్లంలో పదిహేడు బస్తాలు వచ్చాయి. పాత ముప్పై తిరిగి రాలేదు. డ్రెయిన్‌కు ఆనుకుని ఉన్న అర ఎకరం కయ్యను ఇక వరికి పెట్టవద్దని చెప్పాను, అక్కడ అడుగు నుంచే ఉప్పు ఊరుతోంది. అది ప్రస్తుతం గడ్డికి వదిలేసి ఉంది. ఒక్క మంచి నీటి సంవత్సరం మీద ఈ ఫలితాన్ని నిలబెట్టకూడదు. 2023 లాంటి ఆగస్టు మళ్లీ వచ్చినప్పుడే ఈ తూములకు అసలు పరీక్ష.

నా పద్ధతిలో మార్చుకున్నవి రెండు. ఉప్పు పొలానికి వెళితే మట్టి తీసే ముందు మురుగు ఎటు పారుతోందో చూస్తాను, అదీ అమావాస్యకో పౌర్ణమికో. ఏమీ చేయని కయ్య ఒకటి పోలికకు వదలకుండా ఏ సలహా ఫలితాన్నీ రాయను. మూడోది పద్ధతి కాదు, అలవాటు: పొలంలో నీళ్లు రుచి చూసే మనిషి చెప్పింది పుస్తకంలో రాసుకుంటే సరిపోదు, ఆ వారమే కొలవాలి.

జేబులో పట్టే ఈసీ మీటరు ఒకటి ఇప్పుడు రైతు భార్య దగ్గర ఉంది. తిథుల కాలెండరు మీదే అంకెలు రాస్తుంది. ఈసారి అమావాస్యకు ఆమె ఫోన్ చేసి, తూము లోపల 2.8, బయట 27 అని చెప్పింది. ఆ తరవాత, నేను అడగకపోయినా, ఇంకొకటి చేర్చింది: పోటు నీళ్లు కట్ట అంచుకు జానెడు కింద ఆగాయట, పోయినేడు ఇదే అమావాస్యకు జానాబెత్తెడు కింద ఉన్నాయట. ఆ తేడాలో గాలి వాటా ఎంతో, డ్రెయిన్ పూడిక వాటా ఎంతో ఒక్క కొలతతో తేలదు. వచ్చే వేసవిలో కట్టను ఇంకో అడుగు ఎత్తాలని మాత్రం అనుకున్నాం. దానికి మట్టి ఎక్కడి నుంచి తేవాలన్న దగ్గర మాట ఆగింది.